ఎవరూ లాగని తాడు

మే నెల వచ్చిందంటే మా షెడ్డులో అందరి నడుములూ పడిపోతాయి. బడులు తెరిచేలోగా బస్సులు కావాలని స్కూళ్ళవాళ్ళు నెత్తిమీద కూర్చుంటారు. కంపెనీ నుంచి చాసిస్ ఒట్టిగా వస్తుంది. ఇంజను, చక్రాలు, స్టీరింగు, అంతే. పైదంతా కొవ్వూరు దాటాక రోడ్డు పక్కనున్న మా రేకుల షెడ్డులో కట్టాల్సిందే. రేకుల పైన ఎండ, రేకుల కింద వెల్డింగు. ఆ రోజులు తలుచుకుంటేనే నాకు ఆయాసం వస్తుంది.

మొదట్లో నేను సీట్లకు కవర్లు కుట్టేదాన్ని. తర్వాత చెకింగులో వేశారు. బండి బయటికి పోయే ముందు ఆఖరున చూసేది నేనే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, నా నోరు మంచిది కాదని ఊరంతా ఒప్పుకున్నాకే ఆ పని నాకిచ్చారని మా ఆయన వేళాకోళం చేసేవారు. ఆయనదీ అదే షెడ్డు. బస్సులో సీట్ల కాళ్ళను నేలకు వెల్డింగు చేయడం ఆయన పని. ఆయన వెనకాలే గ్రైండరు పట్టుకుని ఆ అతుకుల్ని నున్నగా చేసేది మా మరిది. మిగతావాళ్ళూ పరాయివాళ్ళేం కాదు. ఒకే పేట, ఒకే చర్చి. ఎవరిని కదిపినా ఇంకొకరికి బావో, మావయ్యో, వియ్యంకుడో అవుతాడు.

ఆ మధ్య కొత్త మేనేజర్ గారొచ్చారు. అంతకు ముందు పెద్ద కార్ల ఫ్యాక్టరీలో చేశారట. వయసులో చిన్నవారే, ఎవర్నీ ఒక్క మాట కసురుకునేవారు కాదు. వస్తూనే నేలంతా పసుపు గీతలు గీయించారు. ఏ సుత్తి ఎక్కడుండాలో గోడ మీద దాని బొమ్మ వేయించారు. రోజూ పొద్దున్నే అందర్నీ నిలబెట్టి మాట్లాడేవారు. ఆదివారం ప్రసంగం చాలదన్నట్టు మాకు వారమంతా ప్రసంగాలే. చివరికి షెడ్డు పొడవునా ఒక తాడు కట్టించి, దాని కొసన గంట పెట్టించారు.

"ఎవరికి ఏ తప్పు కనబడినా ఈ తాడు లాగండి. పని ఆపేసి అందరం కలిసి సరిచేసుకుందాం. ఎవరు చేశారని అడగం, ఎవర్నీ తిట్టం. కార్ల ఫ్యాక్టరీలో రోజూ లాగుతారండి," అన్నారు.

అందరూ బుద్ధిగా తలూపారు. ఒక్కరూ లాగలేదు. ఎలా లాగుతారు? తనకు ముందు ఆ పని చేసి పంపింది సొంత మేనమామాయె. ఆయన తప్పు పదిమందిలో గంట కొట్టి చెప్పి, సాయంత్రం ఆయన గుమ్మం ముందు నుంచి ఏ మొహం పెట్టుకుని నడుస్తారు? మనోడి తప్పు మనమే సర్దేద్దాం అనుకోవడం మాకు తెలిసిన మర్యాద. తలుపు ఒరుసుకుంటే తర్వాతివాడు ఆకురాయితో గుట్టుగా రుద్దేసేవాడు. తాడు మీద చెమట తువ్వాళ్ళు ఆరేసుకునేవారు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందనే సామెత ఊరికే పుట్టలేదు.

మేనేజర్ గారు రోజూ బోర్డు మీద రాయించేవారు, ఈ రోజు తాడు లాగి పని ఆపింది సున్నా సార్లు అని. మేం సంబరపడుతుంటే ఆయన దిగులుపడేవారు. "సున్నా అంటే తప్పుల్లేవని కాదండి. చూసి కూడా చెప్పట్లేదని," అనేవారు. పిచ్చి మారాజు అనుకునేదాన్ని.

క్రిస్మస్ వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం మరిది నన్ను పక్కకు పిలిచాడు.

"వదినా, అన్నయ్యకి చూపు ఆనట్లేదు. సీటు కాలు ఒక చోటుంటే వెల్డింగు ఇంకో చోట పడుతోంది."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటి, గ్రైండింగు నాదే కదా. అన్నాల టైములో మళ్ళీ నేనే అతికేస్తున్నాను. మీరు అన్నయ్యతో అనకండి. ఈ పని పోతే మనిషి తట్టుకోలేడు."

ఇంట్లో నేనూ చూస్తూనే ఉన్నాను. పక్క నుంచి గ్లాసు అందిస్తే వెతుక్కునేవారు. గుమ్మానికి భుజం కొట్టుకునేవారు. అడిగితే "చత్వారమే, యాభై దాటాక ఎవరికి రాదేంటి?" అని కొట్టిపారేసేవారు. డాక్టరు దగ్గరికి తీసికెళ్తే షెడ్డులో తెలిసిపోతుందని భయం. ఆయనకు కాదు, నాకు. ఈ సీజను గట్టెక్కనీ, జూన్ దాటాక శుక్లాలు తీయిద్దాం అని నేనూ మరిదీ అనుకున్నాం. శుక్లాలేనని మాకెవరు చెప్పారు? మాకు మేమే చెప్పుకున్నాం.

అక్కడి నుంచి నా పని రెండింతలైంది. మరిది సర్దిన అతుకులన్నీ మళ్ళీ నేను వంగి వంగి చూసేదాన్ని. పసిపిల్లలెక్కే బండి. ఇంకెవరి పనిలో గీత పడినా కయ్యిమని లేచేదాన్ని, మా ఆయన సీట్ల దగ్గర మాత్రం నోరు కుట్టేసుకునేదాన్ని. ఇంటికెళ్ళాక వంట చేయడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండేది కాదు.

మే చివర్లో మరిదికి జ్వరం తగిలి వారం రోజులు రాలేదు. గ్రైండింగుకు వేరే అతను వచ్చాడు. పైపైన నున్నగా రుద్ది వెళ్ళిపోయాడు, దాని మీద రంగు కూడా వేసేశారు. ఆ బండి నా దగ్గరికొచ్చాక ప్రతి సీటునూ మోకాలితో నెట్టి చూస్తూ వెళ్తున్నాను. మూడో వరసలో ఒకటి కదిలింది. వంగి చూశాను. వెల్డింగు అందంగానే ఉంది. కాలి మీద కాదు, కాలి పక్కన ఉంది.

ఆయన్ని పిలిచి చెవిలో చెబితే మళ్ళీ కాలి పక్కనే అతికిస్తారు. ఇంకొకర్ని బతిమాలితే ఈ ఒక్కటీ అతుకుతుంది, తక్కినవో? పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆ సీట్లో ఏ తల్లి కన్న పిల్లో కూర్చుంటుంది, ఎక్కడో డ్రైవరు సడన్‌గా బ్రేకు వేస్తాడు. ఇక నా వల్ల కాలేదు. ఎన్నాళ్ళని మోస్తాం? తాడు మీదున్న ఎవరిదో తువ్వాలు తీసి అవతల పారేసి, లాగాను.

అది అంత గట్టిగా మోగుతుందని మాలో ఎవరికీ తెలియదు. గ్రైండర్లు ఆగిపోయాయి. మేనేజర్ గారు పరుగెత్తుకొచ్చారు, మొహం వెలిగిపోతోంది. "మొట్టమొదటిసారండి! అందరూ చప్పట్లు కొట్టండి," అన్నారు. కొట్టారు పాపం, నేలచూపులు చూస్తూ. ఎవరు చేశారని ఆయన అడగలేదు, మాట మీదే నిలబడ్డారు. అడగక్కర్లేదు కూడా. సీట్ల వెల్డింగు షెడ్డు మొత్తానికి ఒక్కరిదే.

మా ఆయన మొహం మీది మాస్కు తీసి వచ్చారు. సీటు పక్కన గొంతుక్కూర్చుని అతుకు మీద బొటనవేలు పెట్టి తడిమారు. "నాదేనండి," అన్నారు. "మిగతావి కూడా చూడండి." చూస్తే ఇంకా కొన్ని దొరికాయి. ఆయన నా వైపు తిరగలేదు.

మర్నాడు మేనేజర్ గారే సెలవిచ్చి రాజమండ్రి కంటి ఆసుపత్రికి పంపారు. నయమయ్యేదాకా సామాన్లు అందించే పని చూసుకోమన్నారు. బస్సు గోదావరి దాటుతున్నంతసేపూ ఆయన కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు. గంట ఎందుకు కొట్టావే అని నాలుగు తిట్టినా బావుండును, నేనూ నాలుగు అనేదాన్ని.

డాక్టరమ్మ చుక్కలు వేసి, మిషను మీద చాలాసేపు చూశారు. "ఇది శుక్లం కాదండి. కంటి నరం దెబ్బతింది. ఎడమ కన్ను దాదాపు పోయినట్టే, పోయిన చూపు తిరిగి రాదు. కుడికన్నులో ఉన్నది నిలబెట్టుకుందాం. కొన్ని నెలల ముందు వచ్చుంటే..." అని ఆగి, మా ఆయన్నే అడిగారు. "వెల్డింగు చేస్తారు కదా. అతుకులు తప్పుతున్నాయని మీకు తెలియలేదా?"

ఆయన చేతులు కట్టుకున్నారు. "అనుమానం వచ్చిందండి. కానీ మా చెకింగులో ఉండేది మా ఆవిడేనండి. ఎవర్నీ వదలదు. తేడా వస్తే ముందు నన్నే ఏకేస్తుంది. ఏమీ అనట్లేదంటే బానే వస్తున్నాయిలే అని ఊరుకున్నానండి."

కోపంతో అన్లేదు. డాక్టరమ్మకు నా గురించి గొప్పగా చెప్పుకుంటున్నారు.