ప్రెసిడెంటు గారి భర్తకు దుబాసీ

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. దానికి తోడు ఇంకో ఉద్యోగం నేను అడక్కుండానే నా నెత్తిన పడింది. ఐరోపాలో ఎక్కడో చలిదేశంలో ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీకీ, చోడవరం నుంచి దేవరాపల్లి వెళ్లే దారిలో ఉన్న ఒక పంచాయతీకీ ఎవరో పైవాళ్లు జత కుదిర్చారు. రెండు ఊళ్లలోనూ సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి కాబట్టి, నెలకోసారి వీడియోలో కలిసి ఒకరి అనుభవం ఒకరు పంచుకోవాలట. వాళ్లకు తెలుగు రాదు, వీళ్లకు ఇంగ్లీషు రాదు. మండలాఫీసులో అధికారి మా హెడ్మాస్టరుకు ఫోన్ చేసి, "ఒక ఇంగ్లీషు టీచర్ని పంపండి, గంట పని" అన్నారు. ఆ గంట ఏడాది పొడవునా సాగింది.

వాళ్లకు పొద్దున్న అయితే మనకు మధ్యాహ్నం. నేను పదో తరగతి పీరియడ్ వదిలేసి, ఎండలో ఆటో ఎక్కి మండలాఫీసుకు వెళ్లేదాన్ని. ఫ్యాను చప్పుడుకు మాట వినపడదని ఫ్యాను ఆపేసేవారు. నెట్ పోయేది. వచ్చేది. మళ్లీ పోయేది.

ఆ పంచాయతీకి సర్పంచ్ ఒకావిడ. ఊళ్లో అందరూ ప్రెసిడెంటు గారనే పిలుస్తారు. నలభై ఏళ్లుంటాయి, చెరకు పండించే ఇల్లు. మొదటి సమావేశానికి ఆవిడ వెనక వరసలో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కంప్యూటరు ముందు కుర్చీలో ఆవిడ భర్త కూర్చున్నాడు. తెర మీద అవతలి ఊరి మేయరు కనిపించింది. తెల్లజుట్టు, స్వెట్టరు, ముందు పుస్తకం. "మీలో మేయరు ఎవరు?" అని అడిగింది.

"నేనేనని సెప్పండి మేడమ్" అన్నాడాయన.

"ప్రెసిడెంటు ఆవిడ కదండీ?"

"ఇద్దరం ఒకటే లెండి. ఇయ్యన్నీ దానికేటి తెలుస్తాయి?"

అధికారి వైపు చూశాను. కానివ్వండి అన్నట్టు చెయ్యూపారు. పంచాయతీ తరఫున ఈయన మాట్లాడతారని ఇంగ్లీషులో చెప్పాను. నాకే సిగ్గేసింది.

తర్వాత నెలలన్నీ అదే తంతు. మంచినీళ్ల ట్యాంకుకు సోలార్ పంపు రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందని మేయరు అడిగేది. ఆయన గ్రామాభివృద్ధి మీద ఉపన్యాసం ఇచ్చేవాడు. నేను అదంతా ఇంగ్లీషు చేసేదాన్ని. ఆవిడ ఓపిగ్గా విని, అదే ప్రశ్న మళ్లీ వేసేది. అలాగని అవతలి వాళ్లు తక్కువేం తినలేదు. తెర నిండా పటాలూ గీతలూ పెట్టి, ప్రతి వాక్యంలోనూ స్టేక్‌హోల్డర్స్ అనేవారు. ఒకసారి ఏ మాటా తోచక సంబంధీకులు అన్నాను. "మా సుట్టాలతో ఈళ్లకేటి పని మేడమ్?" అన్నాడాయన. ఇంటికి వెళ్లేసరికి తలనొప్పి తప్ప ఏమీ మిగిలేది కాదు.

చెరకు గానుగలు మొదలైన నెలలో నేను కాస్త ముందుగా వెళ్లాను. ఆయన టీ తాగడానికి బయటికి వెళ్లాడు. ప్రెసిడెంటు గారు బెంచీ మీద ఒక్కతే ఉంది. ఆవిడ గోళ్లలో, వేళ్ల సందుల్లో నల్లగా మసి.

"ఏంటండీ ఆ చేతులు?"

"ప్యానెళ్లు తుడిసేను టీచరమ్మా. బెల్లం వండుతున్నారు కదా, పిప్పి కాల్సిన మసంతా ఎగిరొచ్చి వాటి మీదే పడతంది. తుడవకపోతే మజ్జాన్నానికి పంపు నీరెత్తదు."

"దానికి మనిషి లేడా?"

"ప్యానెళ్లు పెట్టిన కంపెనీవోళ్లు పంచాయతీ పనంటారు. పంచాయతీలో ఉన్నోడు షాక్ కొడతాదని నిచ్చెనెక్కడు. కుళాయి కాడ ఆడోళ్లు నన్నే కదా అడుగుతారు? పొద్దున్నే పాత సీర తడిపి నానే తుడిసెస్తన్నాను."

"మీ ఆయనకు తెలుసా?"

"ఆయన లెగిసేసరికి ఇంటికొచ్చెస్తాను."

ఆరోజు మేయరు అడిగిన మొదటి ప్రశ్నే ప్యానెళ్ల నిర్వహణ గురించి. "ఏ సమస్యా లేదు, అంతా బాగా నడుస్తందని సెప్పండి" అన్నాడాయన.

నోరు తెరిచాను కానీ ఆ వాక్యం బయటికి రాలేదు. ఇన్ని నెలలుగా అణుచుకున్న విసుగంతా ఒక్కసారి పైకొచ్చింది. "ఇప్పుడు నేను చెప్పేది అనువాదం కాదు. ఈయన సర్పంచ్ గారి భర్త. సర్పంచ్ వెనక కూర్చున్నారు. ప్యానెళ్ల సంగతి ఆవిడను అడగండి" అని ఇంగ్లీషులో చెప్పాను.

తెర మీద మేయరు కలం గాల్లోనే ఆగింది. మళ్లీ నెట్ పోయిందనుకున్నాను.

"ఏటి సెప్పేరు మేడమ్?" అన్నాడాయన అనుమానంగా.

అంతలో మేయరు, సర్పంచ్ గారితో మాట్లాడాలని ఉందంది. అదే చెప్పాను. ప్రెసిడెంటు గారు లేచి, కుర్చీ లాక్కుని ముందుకు వచ్చింది. మసి సంగతి, తడిచీర సంగతి, ఎక్కనన్న మనిషి సంగతి అంతా చెప్పింది. నేను మాట పోకుండా ఇంగ్లీషు చేశాను. మేయరు గబగబా రాసుకుంది. తమ ఊళ్లో చెట్ల పుప్పొడి పడుతుందనీ, తుడవడం ఎవరి పనో తేలక తామూ తగువులాడుకున్నామనీ, చివరికి కంపెనీతో ఒప్పందంలో అది ఎవరి పనో తేల్చే ఒక వాక్యం చేర్చుకున్నామనీ చెప్పింది. ఆ వాక్యం పంపిస్తానంది. అద్దాలు వేడిగా ఉన్నప్పుడు చల్లనీళ్లు పొయ్యొద్దని కూడా చెప్పింది.

"అది నాకు తెలుసునని సెప్పండి" అంది ప్రెసిడెంటు గారు.

సమావేశం అయ్యాక ఆమె భర్త నాతో మాట్లాడకుండా బండెక్కాడు. అధికారి నన్ను పక్కకు పిలిచి, "మీది తర్జుమా వరకే కదా మేడమ్, ఇవన్నీ మీకెందుకు?" అన్నారు. ఇంకొకర్ని చూసుకోమన్నాను. ఇంకొకరు దొరకలేదు.

ఆ వాక్యం మర్నాడే వచ్చింది. దాన్ని తెలుగు చేసి ఇచ్చాను. పంచాయతీ తీర్మానంలోకి ఎక్కడానికి నెలలు పట్టింది. ఒకసారి సంతకం లేదని, ఒకసారి నమూనా మారిందని ఫైలు తిరిగొచ్చింది. తీర్మానం అయ్యేసరికి గానుగలు ఆగిపోయాయి, వానలు పడి ప్యానెళ్లు వాటంతటవే కడిగేసుకున్నాయి. ఈలోగా కార్యక్రమం కూడా ముగిసింది. చివరి సమావేశాల్లో మాత్రం ముందు కుర్చీలో ఆవిడే కూర్చుంది. ఆయన పక్కన కూర్చుని మాట అందిస్తూనే ఉన్నాడు. ఆవిడ వింటూనే ఉంది, తన మాట తాను చెబుతూనే ఉంది.

మళ్లీ గానుగలు మొదలయ్యాక చోడవరం బజార్లో ఆవిడ కనిపించింది. తుడవడానికి మనిషిని పెట్టారా అని అడిగాను.

"పెట్టేం టీచరమ్మా. పొడుగు కర్రకి స్పాంజి కట్టి ఇచ్చేం. ఆడికేమో మూలలు తుడవడం రాదు" అని విసుక్కుంటూ, ట్యాంకు దగ్గరికి వెళ్లాలని ఆటో ఎక్కేసింది.