ఏటి తెచ్చినావు?

మా నాన్న కలకత్తా ఓడరేవులో, ఖిదిర్‌పూర్ డాకులో మూటలు మోసేవాడు. సాయంత్రం ఆయన రాగానే "ఏటి తెచ్చినావు నాన్నా?" అంటూ ఎదురెళ్ళేదాన్ని. వినీ వినీ మా పంజరంలో చిలకా ఆ మాట నేర్చింది. దానికి నానబెట్టిన శనగలు పెట్టేదీ, పంజరం కడిగేదీ నేనే. "కలకత్తా మొత్తానికి మన బాస వచ్చిన సిలక ఇదొక్కటే" అని నాన్న మురిసిపోయేవాడు.

తర్వాత డాకులో పని తగ్గింది. నాన్న ఉత్తచేతులతో తిరిగొచ్చేవాడు. అమ్మ కళ్ళెర్రజేస్తే నేను అడగడం మానేశాను. చిలకకు ఎవరు చెప్తారు? ఓ రోజు ఆయన గుమ్మంలో కాలు పెట్టగానే మూడుసార్లు అడిగింది.

"దీనికి కూడా నాను లోకువైపోనాను!"

పని ఇవ్వని మేస్త్రీ ముందు ఎన్నడూ లేవని గొంతు చిలక మీద లేచింది. నేను ఏడుస్తున్నా వినకుండా పంజరం తీసుకెళ్ళి, పక్కపేట మెటియాబ్రుజ్‌లో తెలిసిన దర్జీకి ఇచ్చేశాడు.

ఆర్నెల్ల తర్వాత చూడ్డానికి వెళ్ళాను. బాగా బలిసింది. దుకాణంలోకి వచ్చిన ప్రతివాణ్ణీ "ఏటి తెచ్చినావు?" అని నిలదీస్తోంది. వాళ్ళు పకపకా నవ్వి పచ్చిమిరపకాయ అందిస్తున్నారు.

వాళ్ళల్లో ఒక్కరికీ తెలుగు రాదు. మా ఖర్మకొద్దీ మా ఇంట్లో అందరికీ వచ్చు.