కంచె బయట ఐసు పెట్టె

ఆఫీసులో నా పక్క సీటతనికి ఏ ధర విన్నా "ఏటి బావా ఈ అన్నేయం!" అనడం అలవాటు. ఓసారి రుషికొండ బీచిలో రెండు రోజుల సంగీతోత్సవానికి టెంటు పట్టుకుని వెళ్లాం. లోపల బీరు మూడింతల ధర అని తెలిసి, చేపల థర్మాకోల్ పెట్టెలో ఐసు నింపి నాలుగు సీసాలు తెచ్చాడు. బయటి సీసాలు లోపలికి తేకూడదని గేటు వాళ్లు పారెయ్యమన్నారు.

"నువ్వెల్లు బావా, నాను పెట్టి కాడ కూకుంతాను" అని కంచె బయటే ఉండిపోయాడు. అతనికి ఇష్టమైన గాయని పాటలు నేనొక్కడినే విన్నాను.

సాయంత్రం బయటికొస్తే ఐసంతా నీళ్లయిపోయింది. సీసాల మూతలు మాత్రం తియ్యలేదు.

"సల్లగున్నప్పుడే తాగొచ్చు కదా!" అని అరిచాను.

"ఒక్కడ్నీ ఎలాగ తాగుతాను బావా?"

నా కోపం ఇంకా పెరిగింది. అది గేటు వాళ్ల మీదో, కచేరీ అయ్యేదాకా లోపలే ఉండిపోయిన నా మీదో ఇప్పటికీ తేల్చుకోలేను.