పావుకిలో తేడా

విజయవాడలో ఏలూరు కాలువ పక్కన నేను రోజూ ఆగే సైకిల్ షాపులో ఒక చిన్న టీవీ ఉండేది. కేబుల్ కొత్తగా వచ్చిన రోజుల్లో దాంట్లో అప్పుడప్పుడు విదేశాల సైకిల్ పందేలు చూపించేవాళ్లు. గుంపుగా తొక్కే పందేలు మాకు పెద్దగా ఎక్కేవి కావు. ఒక్కొక్కణ్ణీ విడిగా వదిలి, గడియారం పెట్టి ఎవరికెంత పట్టిందో చూసే పందెం వస్తే మాత్రం షాపాయన చేతిలో పంక్చర్ ట్యూబు పక్కన పెట్టేసేవాడు. ముందెవడూ లేడు, వెనకెవడూ లేడు. వాడూ, రోడ్డూ, గాలీ. అంతే.

అది అయిపోగానే మా ఇద్దరికీ వాదన మొదలయ్యేది. పాత నలుపు తెలుపు బొమ్మల్లో మామూలు గుడ్డ టోపీ పెట్టుకుని తొక్కినవాడు గొప్పా, ఇప్పుడు మొనదేలిన హెల్మెట్ పెట్టుకుని, రేకులా మూసేసిన చక్రం వేసుకుని తొక్కేవాడు గొప్పా? ఆ చక్రం ఆయనకిచ్చి చూడండి అనేవాడు షాపాయన. ఆ రోడ్డు మీద వీణ్ణి తొక్కమని చూడండి అని మళ్లీ తనే అనేవాడు. ఎటూ తేలేది కాదు. తేలకపోతేనే ఆయనకి హాయి. నాకు హాయిగా ఉండేది కాదు. ఎందుకంటే మా ఇంట్లో ఉన్న వాదన కూడా ఇదే. అక్కడ పాత కాలపు మొనగాడు మా మామయ్య, కొత్త కాలపువాణ్ణి నేను.

మాది చేపల వ్యాపారం మీద బతికిన కుటుంబం. మావాళ్లు బందరు రేవులో చేపలు ఎత్తుకుని, బుట్టల్లో ఐసు వేసి, సైకిళ్ల మీద పామర్రు, ఉయ్యూరు దాకా ఊళ్ల వెంట అమ్మేవాళ్లు. ఎండలో తొక్కుకుంటూ వెళ్లి ఇల్లాలి ముందు బుట్ట దించేసరికి లోపల ఐసు ఎంత మిగిలిందన్నదే వాడి పనితనం. ఐసు మిగిల్చినవాడి చేపే చేప. అందుకే మావాళ్ల పందెం కూడా ఐసుతోనే. గంగమ్మ జాతర మర్నాడు పడవలు వేటకి వెళ్లవు, రేవులో చేప ఉండదు. ఆ రోజు ఒక దిమ్మలోంచి అందరికీ సమానంగా ముక్కలు కోసి, తడి గోనెలో చుట్టి, క్యారియర్ మీద కట్టి, ఒక్కొక్కణ్ణీ బెజవాడ వైపు వదిలేవాళ్లు. ముందు వెళ్లినవాడు మలుపు తిరిగి కనుమరుగయ్యాకే తర్వాతవాడు కదలాలి. బెజవాడ మార్కెట్లో గోనె విప్పి, మిగిలిన ముక్కని కాటాలో పెట్టేవాళ్లు. ఎవడి ముక్క ఎక్కువ తూగితే వాడే గెలిచినట్టు. మాకు గడియారంతో పని లేదు.

దారిలో ఎవడైనా గోనె విప్పితే? ఆ ప్రశ్న మావాళ్లలో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. గోనె ముడి మీద గంగమ్మ దగ్గర ఉంచిన పసుపు తాడు కట్టేవాళ్లు. సముద్రం మీద బతికేవాడు అమ్మవారి తాడు మీద చెయ్యి వేస్తాడా? అందుకని దారిలో ఎక్కడా ఎవర్నీ కాపలా పెట్టలేదు. పొద్దున కట్టిన తాడు, బెజవాడలో విప్పిన తాడు, మధ్యలో అన్ని మైళ్లూ ఒంటరిగా ఒక మనిషి. మాకది చాలు అనుకున్నాం.

మామయ్య మా అమ్మ తమ్ముడు. నేను సైకిల్ తొక్కడం నేర్చుకునేనాటికే ఆయన తూకం మావాళ్లందరికీ నోటికి వచ్చు. ఒక పళ్లెంలో ఆయన ముక్క, రెండో పళ్లెంలో రెండు కిలోల రాయి, దాని మీద అరకిలో రాయి. ముల్లు నిటారుగా నిలబడిందట. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దవాళ్లు వేలు నిటారుగా పెట్టి చూపించేవాళ్లు. ఒక్కసారి కాదు, వరసగా కొన్నేళ్లు ఆయన అదే తూకం తెచ్చాడు. తర్వాత నడుం పట్టేసిందని మానేశాడు.

నేను పందెంలోకి దిగింది తొంభైల మొదట్లో. మొదటి ఏడాదే మావాళ్లందరినీ దాటాను. కాటా మీద రెండు కిలోల రాయి పెట్టారు, నా ముక్క ఉన్న పళ్లెం లేవలేదు. మీద పావుకిలో రాయి పెట్టారు, ముల్లు నిలబడింది. నాకు ఒళ్లు తెలియలేదు. మామయ్య జనంలోంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బాగానే తొక్కావురా అల్లుడూ. పావుకిలో తక్కువ, అంతే" అన్నాడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాటి నుంచి నా పేరు పావుకిలో. మామయ్యే ముందు మొదలుపెట్టాడు. తర్వాత రేవులోవాళ్లు, మార్కెట్లోవాళ్లు, చివరికి మా అమ్మ కూడా. నా పెళ్లిలో చదివింపులు చదివే ఆయన మైకులో "పావుకిలో గారికి వారి మేనమామ గారు" అన్నాడు. ఆడపెళ్లివాళ్లు అదేం పేరండీ అని అడిగారు. నేను పందెం గురించి చెప్పాను. ఆ రాత్రి నా భార్య అడిగింది, "ఆ పావుకిలో ఇంక తెచ్చెయ్యకూడదా?" అని. తెస్తానని మాటిచ్చాను.

నిజంగానే అదొక్కటే కావాలి నాకు అప్పుడు. ఇబ్రహీంపట్నంలో చిన్న ఉద్యోగం దొరికినా జాతరకి సెలవు పెట్టి బందరు వెళ్లేవాణ్ణి. మడ్‌గార్డులు తీసేశాను, చైన్ కవర్ తీసేశాను. పామర్రులో ఉన్నప్పుడు తెల్లారకుండా లేచి కూచిపూడి దాకా తొక్కి వచ్చేవాణ్ణి. మామయ్య దగ్గరుండి నేర్పేవాడు. ఎదురుగాలి వస్తే తల దించమనేవాడు. నీళ్లు గుటకలుగా తాగమనేవాడు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఒకటే మాట. "పామర్రు దాటాకే అసలు పందెంరా. అక్కడిదాకా ఎవడైనా తొక్కుతాడు." నేను ఆ మాటని మంత్రంలా పట్టుకున్నాను. పామర్రు దాటగానే ఊపిరి బిగబట్టి తొక్కేవాణ్ణి. మోకాలు పట్టేసేది అక్కడే.

పామర్రులోనే, రోడ్డు పక్కనే, నాన్న పనిచేసే ఐసు ఫ్యాక్టరీ. పందెం రోజు ఆయన చెంబుతో మజ్జిగ పట్టుకుని గేటు ముందు నిలబడేవాడు. నేను దిగకుండా ఒక కాలు నేల మీద ఆనించి తాగేవాణ్ణి. ఆయన నా గోనె వైపు ఒకసారి చూసి, తల తిప్పేసుకునేవాడు. అమ్మవారి తాడుని అంత గౌరవంగా చూస్తున్నాడనుకునేవాణ్ణి.

ఎన్నిసార్లు తొక్కినా రెండు కిలోల రాయీ, పావుకిలో రాయీ. ఒకసారి ముల్లు కాస్త నా వైపు వాలింది. మార్కెట్టాయన ఇంకో చిన్న రాయి కోసం వెతికాడు, ఆ లోపల ముక్క కరిగిపోయింది. అరకిలో రాయి మాత్రం నా ముక్క ఎదురుగా ఎప్పుడూ నిలవలేదు.

సైకిల్ షాపాయన నా తరఫున వాదించేవాడు. "మీ మామయ్య కాలంలో బందరు రోడ్డు రెండు వైపులా చెట్లండీ. నీడలో తీసుకొచ్చాడు ఐసు. రోడ్డు వెడల్పు చేసి అవి కొట్టేశారు. ఆ పావుకిలో మీరు పోగొట్టింది కాదు, చెట్లు పోయి పోయింది" అనేవాడు. నేనే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆయన సైకిల్ ఎంత బరువో తెలుసా అనేవాణ్ణి. అప్పటి రోడ్డు గుంతల గురించి చెప్పేవాణ్ణి. టీవీలో కనిపించే మొనగాళ్లలో ఎవడికైనా మా మామయ్య సైకిల్ ఇచ్చి, ఒక ఐసు ముక్క కట్టి వదిలి చూడండి అనేవాణ్ణి. నా మీద నేనే సాక్ష్యం చెప్పుకున్నట్టు వాదించేవాణ్ణి.

ఆ తర్వాత మోపెడ్లు వచ్చాయి, థర్మాకోల్ పెట్టెలు వచ్చాయి, పెట్టెల్ని మోసే వ్యాన్లు వచ్చాయి. సైకిల్ మీద చేప అమ్మేవాడు లేడు. ఒక ఏడాది జాతర మర్నాడు పందేనికి నలుగురే వచ్చారు. తర్వాతి ఏడాది ఎవరూ రాలేదు. నా మోకాలు కూడా అప్పటికి పని అయిపోయిందంది. పావుకిలో పేరు మాత్రం మిగిలింది.

ఐసు ఫ్యాక్టరీ మూసేసింది ఇంకొన్నేళ్లకి. పాత ఇనుం వాళ్లు మిషన్లు విప్పుకుని వెళ్తున్నారంటే చూద్దామని నాన్నా, మామయ్యా, నేనూ వెళ్లాం. పగలు పదకొండు అవుతోంది. లోపల ఎప్పుడూ ఉండే చల్లదనం లేదు. కాలువ వైపు గోడకి ఒక చెక్క తలుపు ఉంది, మనిషి వంగి దూరేంత. పనివాళ్లు దాన్ని పెకలించి బయట పడేశారు. మామయ్యా, నేనూ దాని పక్కనే కాలువ గట్టు మీద కూర్చున్నాం.

మామయ్య దాన్ని చూసి నవ్వాడు. "బావా, పోయిందిరా దేవుడా మన తలుపు. ఎన్నిసార్లు ముక్క అందించావో దీంట్లోంచి."

నాన్న "ఊరుకో, వాడున్నాడు" అన్నాడు మెల్లిగా.

నేను విన్నాను. "ఏం ముక్క?" అన్నాను.

"అయ్యో, ఇప్పుడింక దాచేదేముంది బావా, పందేలే లేవు కదా" అన్నాడు మామయ్య. పాత తమాషా చెప్పినట్టు చెప్పాడు. మొదటిసారి పందెంలో, పామర్రు దగ్గర సైకిల్ గుంతలో పడి, గోనె జారి, ముక్క రోడ్డు మీద పగిలిపోయిందట. ఏడుపొక్కటే తక్కువట. నాన్న జాలిపడి, వెనక తలుపు దగ్గరికి రమ్మని ఇంకో ముక్క కోసి ఇచ్చాడట. తాడు విప్పి, మళ్లీ అదే తాడు కట్టుకుని వెళ్లాడట. బెజవాడలో కాటా చూసి జనం భుజాల మీద ఎత్తుకున్నారట.

"ఆ తర్వాత ఏడాది తక్కువ తెస్తే ఏం బాగుంటుంది చెప్పు? మీ నాన్న ప్రతిసారీ చూసి కోసేవాడు. మరీ పెద్దదైతే అనుమానం వస్తుందని."

కోపం ఇంత మెల్లగా వస్తుందని నాకప్పటిదాకా తెలియదు. నేను ఏళ్ల తరబడి వెంటబడింది మామయ్య కాళ్లని కాదు, నాన్న రంపాన్ని. పామర్రు దాటాకే అసలు పందెం అని ఆయన చెప్పింది నిజమే. ఆయనకి అక్కడే మొదలయ్యేది, కొత్త ముక్కతో.

"అమ్మవారి తాడు మామయ్యా" అన్నాను.

"దణ్ణం పెట్టుకునే విప్పానురా" అన్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

నాన్న వైపు తిరిగాను. "మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడేవాడివి కదా. నా మోకాలు చూసేవాడివి కదా. ఒక్కసారి, ఒక్కసారైనా చెప్పబుద్ధి కాలేదా?"

"మీ అమ్మ తమ్ముడు. నలుగురిలో వాడి పరువు" అన్నాడు నాన్న, కాలువ వైపు చూస్తూ.

"మరి నా పరువో?"

మామయ్యే కలగజేసుకున్నాడు. "అంత కష్టపడి తొక్కడం దేనివల్ల వచ్చింది నీకు? ఆ అరకిలో రాయి లేకపోతే నువ్వంత తొక్కేవాడివా? అసలు నన్ను తలుచుకోవాలి నువ్వు." సరదాకి అన్నాడో, నిజంగానే అనుకుంటున్నాడో నాకిప్పటికీ తెలియదు. ఆయన్ని కాలువలోకి తొయ్యాలనిపించింది. చెయ్యి లేవలేదు, అలవాటైన గౌరవం ఒకటి అడ్డం పడింది.

అయినా ఒక ఆశ మిగిలింది నాలో. అదీ చెప్పాలి. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూసే దారి ఇంకా ఉందనుకున్నాను. "పోనీ మామయ్యా, ముక్క మార్చకుండా తొక్కిన ఏడాది ఎంత తూగింది?" అని అడిగాను. అది రెండుంపావు కిలోల కన్నా తక్కువైతే నేనే గొప్ప. ఎక్కువైతే ఆయనే గొప్ప, ఒప్పుకుంటాను. ఏదో ఒకటి తేలాలి.

మామయ్య కాసేపు నిజంగానే ఆలోచించాడు. మొట్టమొదటిసారి ఆయన మొహంలో నవ్వు పోయింది.

"నాకేం తెలుసురా. నేనెప్పుడూ బందరు ముక్కని బెజవాడ దాకా తీసుకెళ్లలేదు కదా" అన్నాడు.

అంతే. నేను పోల్చుకోవడానికి అవతల పళ్లెంలో ఏమీ లేదు. ఎప్పుడూ లేదు. ఆయనకీ తెలియదు తను ఎంతటివాడో. నాకూ తెలియకుండా చేశాడు.

పనివాళ్లు తలుపు చెక్కల్ని లారీ ఎక్కిస్తున్నారు. మామయ్య లేచి, పంచె దులుపుకుని, ఏమీ జరగనట్టు నా భుజం తట్టాడు.

"లే పావుకిలో, పద. మీ అత్త అన్నం వండి ఎదురు చూస్తుంటుంది."

నేను లేవలేదు. "పేరు పెట్టి పిలువు మామయ్యా" అన్నాను.

ఆయన నోరు తెరిచాడు. పేరు రాలేదు. ఎన్నేళ్లయిందో నన్ను అసలు పేరుతో పిలిచి. అటూ ఇటూ చూశాడు, నుదురు రుద్దుకున్నాడు. అప్పుడు పక్కన నిలబడ్డ నాన్న, కాలువ మీంచి చూపు తిప్పకుండానే, నా పేరు ఆయనకి మెల్లగా అందించాడు.