నాలుగు తట్టలు

పెళ్లయిన మూడేళ్లలో అత్తగారింట్లో వేడివేడి కోడికూర ఒక్కసారి తప్ప నేను తినలేదు. ఏర్పేడు దగ్గర పల్లె మాది. ఆదివారం కూర వండేది అత్తా, నేనూ. ముందు మామకూ మా ఆయనకూ పెట్టాలి. వాళ్లు తిని బయట మంచం మీద వాలాకే మా వంతు. అప్పటికి గిన్నెలో పులుసూ మెడ ముక్కలూ మిగిలేవి.

"నాకు మెడంటేనే ఇష్టం మే," అనేది అత్త. నేను నమ్మాను.

ఒకసారి మగవాళ్లిద్దరూ పెళ్లికని చిత్తూరు వెళ్లారు. ఆ రోజు అత్త కాలి ముక్క తీసుకుని, ఎముక తెల్లబడేదాకా చీకి తినడం కళ్లారా చూశాను. నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు.

మరుసటి ఆదివారం శ్రీసిటీ ఫ్యాక్టరీలో నాకు డ్యూటీ లేదు. కోడి నేనే తెచ్చాను. కుక్కర్లో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, గుప్పెడు పుదీనా వేశాను. పెరుగు పట్టించిన ముక్కలు అందులో మగ్గాక, నానిన బియ్యం, కొబ్బరిపాలు పోసి మూత పెట్టాను. రెండు విజిళ్లు వచ్చాయి.

"కూర యాడ మే?" అంది అత్త.

"కూరా అన్నం రెండూ దీంట్లోనే ఉండాయి."

"అయితే మగోళ్లకు ముందు తీసి పెట్టు."

"ఇది వేడిమీదే తినాల అత్తా. అందరం ఒకేసారి కూసుందాం."

నడవాలో నాలుగు అన్నం తట్టలు వరసగా వేశాను. మామ వచ్చి చూసి, కొడుకు వైపు తిరిగాడు. "ఏందిరా ఇది, హోటలా?"

మా ఆయన తల వంచుకున్నాడు. నేనే బదులిచ్చాను. "హోటల్ కాదు మామా, ఇల్లే. అందుకే అందరం కూసుంటా ఉండాము."

మామ బయటికి వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. నేను నాలుగు తట్టల్లోనూ వడ్డించాను. అత్త తన తట్టలోని కాలి ముక్కను కొడుకు తట్టలోకి జరపబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

"నీకని పెట్టినాను, తిను."

"ఆ మనిషి పస్తుంటే నేనెట్ల తినేది?"

"పస్తు పెట్టింది నేను కాదు. ఆయన తట్టలో అన్నం ఉండాది."

అత్త లేవబోయింది. అప్పుడు మా ఆయన తలెత్తకుండానే, "తిను మా, ఆరిపోతాది," అన్నాడు. మూడేళ్లలో అతను నా తరఫున మాట్లాడిన మొదటి మాట అదే. అత్త మళ్లీ కూర్చుంది. మెల్లగా తినింది. రెండోసారి పెట్టించుకుంది కూడా.

చాలాసేపటికి మామ వచ్చి చల్లారిన అన్నమే తిన్నాడు. నేను వెచ్చబెట్టలేదు. వారం రోజులు మామ నాతో మాట్లాడలేదు. ఉద్యోగం చేసే కోడలికి పొగరెక్కువని వీధిలో చెప్పుకున్నాడట. చెప్పుకోనీ అనుకున్నాను.

ఆ పై ఆదివారం కూరా అన్నం వేరువేరుగానే వండాను. తట్టలు మాత్రం నాలుగూ వేశాను. మామ గడపలో నిలబడి చూస్తున్నాడు. అత్త అప్పటికే కూర్చుని, కూర గిన్నె తన వైపు లాక్కుంది.