తగ్గించు స్టెర్గియోస్

మా స్టెర్గియోస్ గారికి ఒకటే జబ్బు. ఏది కనిపించినా తగ్గించాలి. కాఫీలో చక్కెర, రేడియో శబ్దం, ఎదుటివాళ్ల మాటలు, అన్నీ! తన నడక మాత్రం తగ్గదు. గ్రీసులోని థెస్సలొనీకిలో మా ప్రయోగశాల గచ్చు సగం ఆయన చెప్పుల కిందే అరిగింది.

మా పని వంటలాంటిదే. కరెంటు పారే ప్లాస్టిక్‌ను ద్రావకంలో కరిగించి, గిర్రున తిరిగే పల్చటి రేకు మీద చుక్క వేస్తే పొరగా పరుచుకుంటుంది. అలాంటి పొరలు ఒకదానిమీదొకటి పేరిస్తే ట్రాన్సిస్టరు, అంటే తడి తగిలితే పసిగట్టే బుల్లి కరెంటు మీట. మొదట్లో దానికి నలభై వోల్టులు కావలసివచ్చేవి. ఆరేళ్లలో మూడుకు దించాం.

"మూడే సార్!" అని గంతేశాను.

"బాగుంది మిర్సినీ. తగ్గించు."

"ఇంకా ఎక్కడికి, పాతాళానికా?"

"ఒక వోల్టు కన్నా కిందికి."

ఎందుకని అడిగేసరికి గది అవతలి మూలకు వెళ్లిపోయారు.

శుక్రవారం మాకు డబ్బిచ్చేవాళ్ల తనిఖీ బృందం వస్తుందనగా, బుధవారం పొద్దున ఆయన ఆ మూడు వోల్టుల నమూనాను చెత్తబుట్టలో పడేశారు.

"మతి పోయిందా సార్? ప్రాజెక్టు ఊడితే నేనెక్కడికి పోవాలి?"

"గొంతు తగ్గించు. కరెంటును ఆపే పొర ఇంకా పల్చనవ్వాలి. చుక్క వెయ్యి."

వేశాను. ఆరబెట్టాను. ఇరవై రేకుల్లో పంతొమ్మిది కరెంటు కారి చచ్చాయి. శుక్రవారం తొమ్మిదింటికి ఒకటి బతికింది, ముప్పావు వోల్టుకే!

బృందం ముందు ఆయన మా గదులు తుడిచే వాయాను పిలిచారు. షుగరు వల్ల ఆమె చీలమండ మీద పుండు ఏడాదిగా మానడం లేదు. డాక్టరు ముందే సరేనన్నాడట. రేకును కట్టు కింద పెట్టారు. కట్టు విప్పకుండానే లోపలి తడి ఎంతుందో తెర మీద గీత చూపించింది.

"మండుతోందా అక్కా?"

"ఏం మంట నాయనా? అసలు పెట్టావా?"

"మూడు వోల్టులు చాలవా?" అని బృందంలో ఒకాయన అడిగాడు.

స్టెర్గియోస్ గారు ఎడమచెయ్యి వెనక్కి దాచుకున్నారు. వాయా ఆ చేతిని లాగి చొక్కా చెయ్యి పైకి నెట్టింది. మణికట్టు నుంచి మోచేతి దాకా వరసగా ఎర్రటి మచ్చలు. పక్కన పెన్నుతో అంకెలు: పది, ఐదు, మూడు.

"తడి చర్మం మీద మూడు కూడా చురుక్కుమంటుంది," అని ఆయన గొణిగారు. "ముందు నాకు తెలియాలిగా."

వాయా ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది చెయ్యా నాయనా, బొగ్గుల మీద కాల్చిన ఆక్టోపస్సా? నిమ్మకాయ పిండితే తినెయ్యొచ్చు!"

బిగుసుకుని రాసుకుంటున్న తనిఖీవాళ్లే అందరికన్నా ముందు నవ్వారు. ప్రాజెక్టు నిలిచింది. వాయా ఆ చేతికి మందు రాసేదాకా ఆయన్ను కదలనివ్వలేదు.