పచ్చ అక్షరాల మీద అనుమానం

మా ఆఫీసుల కంప్యూటర్ పెట్టిన దినం, చెప్పులు బయట ఇడిసి లోపలికి పోవాలె అన్నరు. ఇదేమన్న గుడా అని నవ్వినం గాని, ఆ నవ్వుల భయమే ఎక్కువుండె.

అప్పటికి ఎనభైలు సగం దాటినయి. కంచన్‌బాగ్ దిక్కు ఒక సర్కారు ఫ్యాక్టరీల నేను టైపిస్టును. సామాన్లు కొనే సెక్షన్ మాది. ఇల్లు బహదూర్‌పురాల. బాపు బర్లను పెట్టుకొని పాలు పోసేటోడు. పొద్దుగాల పాల క్యాన్లు కడిగిచ్చి, చార్మినార్ కాడ బస్సు మారి, ఫ్యాక్టరీ గేటు కాడ పాసు చూపెట్టి లోపలికి పోయేదాన్ని.

మా టైపిస్టులల్ల పెద్దామె ఒక అక్క. ఆమె భర్త అదే ఫ్యాక్టరీల పని చేస్తూ చనిపోతే, ఆ నౌకరీ కింద ఈమెకు టైపిస్టు పని ఇచ్చిండ్రు. ఇద్దరు ఆడపిల్లలు. ఆదివారం చర్చికి పోయేది, మిగిలిన దినాలు టైపు మిషన్ ముందల కూసునేది. నేను కొత్తగ చేరినప్పుడు కార్బన్ కాయితాలు ముడతలు పడకుంట ఎట్ల పెట్టాలె, స్టెన్సిల్ మీద తప్పు పడితే మందు ఎట్ల పూయాలె, ఏ ఆఫీసరు రాత ఎట్ల చదవాలె, అన్నీ ఆమెనే నేర్పింది. మధ్యాహ్నం ఇద్దరం ఒక్క కాడనే తినేటోళ్లం. ఆమె ఊరగాయ, నా పెరుగు.

మా సెక్షన్ ఆఫీసరు సార్ కంప్యూటర్ నేర్చుకొని రమ్మని అబిడ్స్‌కు నన్ను పంపిండు. అక్క మొఖం అప్పుడే మారింది.

"నిన్నే ఎందుకు పంపుతుండు?" అని అడిగింది.

"నేనే చిన్నదాన్ని గదా అక్కా, జల్ది నేర్చుకుంట అనుకున్నరేమో."

"నేర్చుకొని ఏం చేస్తవు? ఒక్కదానివే మా అందరి పని చేస్తవు. అప్పుడు మేమెందుకు?"

ఆ అనుమానం నాకూ ఉండె. మిషన్ కొన్నోళ్లు ఉత్తగనే కొంటరా?

అబిడ్స్‌ల నాకు నేర్పింది ఉత్తరాలు రాసే ప్రోగ్రాం. నల్లటి తెర మీద పచ్చ అక్షరాలు. మిషన్‌ల ఒక ఫ్లాపీ, అంటె చదరంగ పల్చగ ఉండే బిళ్ల, పెడితే ప్రోగ్రాం లేస్తది. మనం రాసింది దాచుకోవడానికి ఇంకో ఫ్లాపీ పెట్టాలె. కంట్రోల్ బటన్ పట్టుకొని కే, బీ అని కొడితే పేరా మొదలు గుర్తు పెట్టినట్టు. కే, కే అంటే ఆఖరు. కర్సర్‌ను ఇంకో జాగకు తీస్కపోయి కే, వీ అంటే ఆ పేరా మొత్తం లేచొచ్చి అక్కడ కూసుంటది! మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్లు జల్లుమన్నది. టైపు మిషన్ మీద ఒక పేరా జరపాలంటే పేజీలకు పేజీలు మళ్ల కొట్టాలె. సార్‌కు ఒక్క మాట నచ్చకపోతే మా సాయంత్రం మొత్తం పోయేది. గా గోస ఎరిగినదాన్ని గనుక ఆ ప్రోగ్రాం మీద పానం పెట్టుకున్న. తర్వాత ఎన్ని వచ్చినా దానంత ఇష్టంగ ఏదీ వాడలే.

ఇష్టమైతే అయింది గాని నమ్మకం మాత్రం కుదరలే. కాయితం మీద కొట్టినది కండ్ల ముందల ఉంటది. ఇది తెర ఆర్పితే మాయం. యాడికి పోయింది? ఉన్నదా? రోజు పొద్దున ఫ్లాపీ పెట్టి, రాసింది తెర మీద వచ్చేదాక నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

మా సార్ అనుమానం ఇంకో తీరుగ ఉండె. రాసింది బయటికి పోతదని ఆయన ఫికర్. కాయితాల కట్టలు గేటు దాటియ్యాలంటే కష్టం గాని, పల్చటి ఫ్లాపీ బ్లౌజుల పెట్టుకొని పోవచ్చు అని మా ముందటనే అన్నడు. రోజూ పనైనంక ఫ్లాపీ ఆయన చేతికే ఇయ్యాలె. లంచ్‌కు పోయినా ఇచ్చే పోవాలె. ఇంకో ఫ్లాపీల కాపీ పెట్టుకోవాలని అబిడ్స్‌ల చెప్పిండ్రు సార్ అంటే, "రెండు కాపీలుంటే రెండు దొంగతనాలు" అన్నడు.

అట్లుండంగ ఒక పెద్ద టెండర్ వచ్చింది. మస్తు పేజీలు. సార్ దిద్దుడు, నేను మార్చుడు, అచ్చు తీసుడు, ఆయన మళ్ల దిద్దుడు. ఆఖరు అచ్చు తీసే దినం మధ్యాహ్నం ఫ్లాపీ సార్‌కు ఇచ్చి తినవోయిన. అప్పటికే అక్క నాతోని తినుడు మానేసింది. ఒక్కదాన్నే తిని వచ్చి, ఫ్లాపీ తీసుకొని మిషన్‌ల పెట్టిన. మిషన్ గరగరమన్నది. ఫ్లాపీ చదవొస్తలేదని తెర మీద రాసింది. తీసి మళ్ల పెట్టిన. అదే మాట. సార్‌ను పిలిచిన.

సార్ ఉరికొచ్చిండు. చూసిండు. "ఎవరు చేసిండ్రు?" అన్నడు. ఏమైందని గాదు, ఎవరు చేసిండ్రని.

సెక్యూరిటీ ఆఫీసరును పిలిచిండ్రు. ఆయన గార్డును అడిగిండు. లంచ్ టైంల కంప్యూటర్ పెట్టిన ఏసీ రూం బయట ఆడోళ్ల చెప్పులు చూసిన సార్, అని గార్డు చెప్పిండు. తోలు చెప్పులు, బొటనవేలు కాడ కుట్టు ఏసినయి. అసొంటివి మా సెక్షన్‌ల ఒక్క అక్కకే ఉన్నయి.

అక్కను లోపలికి పిలిచి తలుపు ఏసిండ్రు. బయటికి వచ్చినప్పుడు ఆమె ఎవ్వల దిక్కు చూడలే. రేపు రాసి ఇయ్యాలన్నరట, లోపలికి ఎందుకు పోయిందో, ఎవరు పంపిండ్రో. సాయంత్రం కల్లా సెక్షన్ మొత్తం గుసగుసలు. కంప్యూటర్ వద్దంటున్న యూనియనోళ్లే చేయించిండ్రని కొందరు. నేనే ఆమెను పట్టిచ్చిన్నని ఇంకొందరు.

బస్సుల ఆమె పక్కకే పోయి కూసున్న. చాంద్రాయణగుట్ట దాటినంక ఉండబట్టలేక అడిగిన.

"అక్కా, నిజం చెప్పు. లోపలికి పోయినవా?"

"పోయిన."

"ఎందుకు?"

ఆమె కిటికీ దిక్కు తిరిగింది. "నేర్సుకుందామని. నీకు పని నేర్పినదాన్ని, నిన్నెట్ల అడగాలె? నాలుగైదు దినాల సంది ఎవరు లేనప్పుడు పోయి కూసుంటున్న. నువ్వు కొట్టేది దూరం నుంచి చూసిన గదా, గట్లనే కొట్టి చూసిన. ఇయ్యాల ఏవేవో వచ్చినయి, పోయినయి. భయపడి బయటికొచ్చిన." "నేనే చెడగొట్టిన కావొచ్చు. రేపు గదే రాసిస్త. పిల్లల గతేందో."

నేను గట్టిగ ఆలోచించిన. ఆమె పోయినప్పుడు మిషన్‌ల ఏమున్నది? ప్రోగ్రాం ఫ్లాపీ ఒక్కటే. టెండర్ ఉన్న ఫ్లాపీ సార్ రూంల ఉన్నది.

"అక్కా, నువ్వు ఎన్ని బటన్లు కొట్టినా టెండర్‌కు ఏం కాదు. అది అక్కడ లేనే లేదు. రేపు ఏం రాయకు. సంతకం పెట్టకు."

ఆమె నన్ను నమ్మినట్టు అనిపియ్యలే. 'నన్ను కాపాడెటందుకు చెప్తున్నవా, ఇంకా ఇరికిచ్చెటందుకా' అన్నట్టు చూసింది. చార్మినార్ కాడ దిగినంక లాడ్ బజార్ మలుపు దాక ఎనకనే నడిచి, మిషన్‌ల ఏ ఫ్లాపీ ఎందుకు పెడతరో మళ్ల మొదటి నుంచి చెప్పిన. గాజుల దుకాణాల లొల్లిల నా మాట ఆమెకు ఎంత ఇనబడ్డదో తెల్వదు. "సరే, చూద్దాం" అని పోయింది.

తెల్లారి నేను సార్ రూంలకు పోయి అదే చెప్పిన. సార్ కళ్లద్దాలు తీసిండు.

"ఆమె నీ దోస్తు కదమ్మా. అందుకే చెప్తున్నావా?"

"దోస్తే సార్. గాని ఫ్లాపీ మీ కాడుండె గదా."

ఆయన మొఖం ఎర్రబడ్డది. నా నౌకరీ గూడ పోయిందనుకున్న. గప్పుడే మిషన్ బాగుచేసే ఇంజినీరు సికింద్రాబాద్ నుంచి వచ్చిండు. టై కట్టుకున్న సన్నటి మనిషి. ఫ్లాపీ పెట్టి చూసి, ఇంకో కొత్తది పెట్టి చూసి, మిషన్ మంచిగనే ఉన్నదన్నడు.

"ఈ ఫ్లాపీ ఎక్కడ పెడుతున్నరు?"

సార్ తన టేబుల్ చూపించిండు. ట్రేల కొత్త ఫ్లాపీలు కూడ కొన్నున్నయి. ఫ్యాను గాలికి వాటి కవర్లు ఎగరకుంట, మీద స్టోరు నుంచి కొత్తగ వచ్చిన గుండుసూదుల డబ్బా పెట్టి ఉన్నది. నోటి కాడ సూదులు అంటుకొని ఉండే ప్లాస్టిక్ డబ్బా. ఇంజినీరు దాన్ని ఎత్తిండు. నోటి చుట్టూ సూదులు వెంట్రుకల లెక్క నిలబడి ఉన్నయి.

"ఇందుల మాగ్నెట్ ఉంటది సార్. ఫ్లాపీల రాసింది ఇదే తుడిచేస్తది. నిన్న దీని కిందనే ఉన్నదా?"

సార్ ట్రే దిక్కు చూస్తనే ఉన్నడు. సెక్యూరిటీ ఆఫీసరు ఒకసారి దగ్గి, పనున్నదని ఎల్లిపోయిండు.

అక్కకు సారీ అన్న మాట ఎవరు చెప్పలే. రాసి ఇయ్యమన్నోళ్లు మళ్ల అడగలే, గంతే. సార్ దిద్దిన పాత అచ్చు కాయితాలు ఉండె గనుక, టెండర్ మళ్ల కొట్టమన్నడు. ఈసారి రెండు ఫ్లాపీలు ఇచ్చిండు. ఒక్కదానితోని జల్ది కాదు, చదివి చెప్పే మనిషి కావాలని నేను అడిగిన. ఎవరు కావాలె అంటే అక్క పేరు చెప్పిన. ఆయన తల ఊపిండు.

అక్క వచ్చి తలుపు కాడ నిలబడ్డది. లోపలికి రాలే.

"మళ్ల ఏమన్న అయితే?"

"అయితే ఇద్దరం ఉన్నం గదా."

చెప్పులు ఇడిసి, కాళ్లు చీర కుచ్చిళ్లకు తుడుచుకొని లోపలికి వచ్చింది. ఆమె చదువుతుంటె నేను కొట్టిన. రెండు పేజీలు అయినంక నా భుజం తట్టి, "జరుగు" అన్నది. ఆ మిషన్ ముందల కూసుండి ఆమె కొట్టినంత జోరుగ నేను ఏనాడూ కొట్టలే. కాకపోతే ప్రతి పేజీ అయినంక ఆగి, అచ్చు తీసి చేతికియ్యమనేది. కాయితం పట్టుకొని చూసినంకనే ముందుకు పోయేది.

మా మొదటి అనుమానం తప్పు కాదని తర్వాత తేలింది. ఎవ్వల నౌకరీ తీయలే గాని, రిటైరైనోళ్ల జాగల కొత్త టైపిస్టులను తీసుకోలే. టైపు మిషన్లు ఒక్కొక్కటే స్టోరుకు పోయినయి. అక్క మాత్రం రిటైరయ్యేదాక ఆ ఏసీ రూంలనే పని చేసింది. వేరే సెక్షన్ల ఆడోళ్లు నేర్చుకోవడానికి వస్తే సార్ ఆమె కాడికే పంపేటోడు. మధ్యాహ్నం మేము మళ్ల ఒక్క కాడనే తినేటోళ్లం.